పేరు పెట్టుట, పేరు నిలుపుట – డన్‌బార్ ఉన్నత పాఠశాల చరిత్ర

విద్యాసంస్థలకు మహనీయుల పేర్లు పెట్టుట అన్ని దేశాలలోను ఉన్న ఆచారమే. దాత పేరు పెట్టిన బడులు కొన్ని, పాలకుని పేరు పెట్టినవి కొన్ని, పండితుని పేరో కవి పేరో పెట్టుకొన్నవి మరికొన్ని. ప్రవేశద్వారం మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో కనిపిస్తూ ఉంటుంది. దాని క్రిందుగా ప్రతిదినం వందలకొలది విద్యార్థులు లోపలికి వెళ్ళి వస్తూ ఉంటారు. ఆ పేరుగల మనిషి ఎవరు, అతడు చేసిన పని ఏమి, ఆ పేరు తమ బడికి ఎందుకు వచ్చినది అని అడిగినప్పుడు తడుముకొనకుండా చెప్పగలవారు మాత్రం బహు కొద్దిమంది. ఏటేటా వార్షికోత్సవం నాడు పటానికి పూలమాల వేయుటతో ఆ పేరు పట్ల మన బాధ్యత తీరినదని భావిస్తాము.

పేరు అలంకారం కోసం పెట్టేది కాదు. అది ఆ సంస్థ లోకానికి చేసిన ఒక వాగ్దానం. ఆ వాగ్దానం ఏమిటో తెలియనివారు దానిని చెల్లించలేరు. ఈ విషయాన్ని విశదం చేయుటకు అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల చరిత్రను విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచినాను. ఆ పాఠశాల పేరు పాల్ లారెన్స్ డన్‌బార్ ఉన్నత పాఠశాల. అల్పసంఖ్యాకుల బిడ్డల కొరకు వెలసిన మనవంటి కళాశాలకు ఆ చరిత్రలో నేర్చుకొనదగిన సంగతులు ఉన్నవి. జాగ్రత్తపడవలసిన సంగతులూ ఉన్నవి.

ముందుగా ఒక చిన్న వివరణ అవసరం. మన దేశంలో పబ్లిక్ స్కూలు అనగానే అధిక రుసుము చెల్లించి చదివే ప్రైవేటు బడి మనసుకు తోస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. ప్రజల పన్నులతో నడిచి, జీతం కట్టనక్కరలేకుండ చదువు చెప్పే ప్రభుత్వ పాఠశాలను అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. డన్‌బార్ అటువంటి పాఠశాల.

పాఠశాల పుట్టుక

వాషింగ్టన్ నగరంలో బానిసత్వం 1862 ఏప్రిల్ 16న చట్టరీత్యా రద్దయినది. అంతకు ముందు బానిసగా ఉన్న మనిషికి చదువు అందని పండు. దక్షిణాది రాష్ట్రాలు అనేకం బానిసలకు అక్షరాలు నేర్పుటను నేరంగా శాసించినవి. సంకెళ్ళు తెగిన మరునాటి నుండి నల్లజాతి ప్రజలు భూమిని ఎంత కోరినారో బడిని అంత కోరినారు. ఎనిమిదేండ్లు గడచిన తరువాత, 1870లో, నగరంలోని ఒక ప్రెస్బిటేరియన్ చర్చి నేలమాళిగలో నల్లజాతి యువతీయువకులకు ఒక సన్నాహక ఉన్నత పాఠశాల ఆరంభమైనది. అమెరికా దేశంలో నల్లజాతి విద్యార్థులకు ఏర్పడిన మొట్టమొదటి ప్రభుత్వ ఉన్నత పాఠశాలగా దీనిని చరిత్రకారులు పేర్కొంటారు.

నేలమాళిగలో పుట్టినప్పటికీ ఉపాధ్యాయుల విషయంలో ఈ బడి మొదటినుండీ సంపన్నమైనదే. తొలి సంవత్సరాలలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన మేరీ జేన్ పాటర్సన్ 1862లో ఓబర్లిన్ కళాశాలనుండి బి.ఎ. పట్టం పొందినారు. అమెరికాలో ఆ పట్టం అందుకొన్న తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే. మరొక ప్రధానోపాధ్యాయుడు రిచర్డ్ గ్రీనర్ 1870లో హార్వర్డు కళాశాలలో పట్టభద్రుడైన తొలి నల్లజాతీయుడు. 1891లో పాఠశాలకు ఎం వీధిలో సొంత భవనం ఏర్పడినది. అప్పటినుండి దానిని ఎం స్ట్రీట్ ఉన్నత పాఠశాల అని పిలువసాగినారు. 1899లో నగరంలోని ఉన్నత పాఠశాలలకు జరిపిన పరీక్షలో ఈ బడి విద్యార్థులు తెల్లజాతి పాఠశాలలు మూడింటిలో రెండింటిని మించిపోయినారు. నిన్నమొన్నటి బానిసల బిడ్డలకు, మనుమలకు ఇది సామాన్యమైన విజయం కాదు.

ధ్యేయం: పూర్తి చదువా, సగం చదువా?

ఈ పాఠశాల ధ్యేయం ఏమి? లాటిను, గ్రీకు భాషలు, గణితం, ప్రకృతిశాస్త్రాలు, చరిత్ర, సాహిత్యం – ఆ దేశంలో సంపన్నుల బిడ్డలు కళాశాలకు పోవుటకు ఏమేమి చదివేవారో అవన్నీ నల్లజాతి బిడ్డలకు చెప్పుట. నేడు ఇది సహజంగా తోచవచ్చును. ఆనాడు పెద్ద వివాదం.

నల్లజాతివారికి చదువు ఏ మేరకు అన్న ప్రశ్న ఆ దేశాన్ని అప్పుడు కుదిపివేస్తున్నది. 1881లో ఆరంభమైన టస్కిగీ విద్యాలయాన్ని తీర్చిదిద్దిన బుకర్ టి. వాషింగ్టన్ వంటి పెద్దలు వడ్రంగం, ఇటుకపని, సేద్యం మొదలైన వృత్తివిద్యలు ముందు నేర్చుకొని ఆర్థికంగా నిలదొక్కుకొనవలెనన్నారు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ వంటి విద్వాంసులు ఉన్నత విద్యలేని జాతికి నాయకులు ఉండరనీ, పౌరహక్కులు దక్కవనీ వాదించినారు. రెండు పక్షాలలోను జాతి హితం కోరినవారే ఉన్నారు. చేతిపనిని చిన్నచూపు చూచుట విజ్ఞత కాదు. అయితే ఈ వాదాన్ని మరొక వర్గం తన స్వార్థానికి వాడుకొన్నది. “వీరికి పనిపాటలు చాలును, పుస్తకాలెందుకు?” అనుకొనే అధికారులకు వృత్తివిద్య అన్న మాట మంచి సాకు అయినది. ఒకడు తానుగా వడ్రంగం ఎన్నుకొనుట వేరు. నీకు వడ్రంగమే తగినదని ఇతరులు నిర్ణయించుట వేరు.

ఈ సంఘర్షణకు ఎం వీధి పాఠశాల ఒక రంగస్థలమైనది. 1902లో ప్రధానోపాధ్యాయినిగా నియమితులైన అన్నా జూలియా కూపర్ దానికి కథానాయిక. ఆమె 1858లో ఉత్తర కరోలినాలో బానిసగా జన్మించినారు. ఓబర్లిన్‌లో చదివి బి.ఎ., ఎం.ఎ. పట్టాలు పొందినారు. ఆమె నాయకత్వంలో ఈ బడి విద్యార్థులు హార్వర్డు, యేల్, బ్రౌన్ వంటి ఉత్తమ విద్యాలయాలలో ప్రవేశం సంపాదించినారు. అధికారులకు ఇది రుచించలేదు. పాఠ్యక్రమాన్ని తగ్గించవలెనన్న ఒత్తిడికి ఆమె తల ఒగ్గలేదు. పాఠ్యగ్రంథాల విషయంలో పైవారి మాట వినలేదనీ, బడిలో క్రమశిక్షణ లేదనీ ఆమెపై అభియోగాలు మోపినారు. పత్రికలలో పెద్ద దుమారం చెలరేగినది. తుదకు 1906లో ఆమెకు తిరిగి నియామకం ఇవ్వలేదు.

కూపర్ నాలుగేండ్లు మిస్సోరీ రాష్ట్రంలోని ఒక కళాశాలలో బోధించి, 1910లో అదే పాఠశాలకు తిరిగి వచ్చినారు. ఈసారి వచ్చినది ప్రధానోపాధ్యాయినిగా కాదు, లాటిను ఉపాధ్యాయినిగా. తాను ఏలిన బడిలో ఒక తరగతిగదిలో నిలబడి పాఠం చెప్పుటకు ఆమె చిన్నతనపడలేదు. బంధువుల బిడ్డలు అయిదుగురిని పెంచుతూ, ఉద్యోగం చేస్తూనే, 1925లో పారిస్ నగరంలోని సోర్బోన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందినారు. అప్పటికి ఆమె వయస్సు 66 సంవత్సరాలు. 1964లో, 105 ఏండ్ల వయస్సులో పరమపదించినారు. ఆ పాఠశాల విలువలు ఏమిటని ఎవరైనా అడిగితే నియమావళి తీసి చదువనక్కరలేదు; ఈ ఒక్క జీవితం చెప్పిన చాలును.

ఎవరీ డన్‌బార్?

1916లో పాఠశాల మరొక విశాలమైన భవనంలోనికి మారినది. అప్పుడే దానికి కవి డన్‌బార్ పేరు పెట్టినారు. ఆ కవి కన్నుమూసి అప్పటికి పదేండ్లు.

పాల్ లారెన్స్ డన్‌బార్ 1872 జూన్ 27న ఒహైయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో పుట్టినాడు. తల్లి మటిల్డా, తండ్రి జాషువా ఇద్దరూ కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా బ్రతికినవారే. తండ్రి బానిసత్వం నుండి తప్పించుకొని పోయి అంతర్యుద్ధంలో మసాచుసెట్సు నల్లజాతి దళంలో సైనికుడైనాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి కుటుంబాన్ని పోషించినది. బిడ్డల చదువుకు తోడుగా ఉండవలెనని ఆమె తాను పెద్దయిన తరువాత అక్షరాలు నేర్చుకొన్నది. కొడుకుకు చిన్ననాట కథలు, పాటలు చెప్పినదీ ఆమెయే.

డేటన్ సెంట్రల్ ఉన్నత పాఠశాలలో డన్‌బార్ తన తరగతిలో ఏకైక నల్లజాతి విద్యార్థి. అయినను సాహిత్యసంఘానికి అధ్యక్షుడైనాడు. బడి పత్రికకు సంపాదకుడైనాడు. తరువాతి కాలంలో విమానాన్ని నిర్మించి లోకప్రఖ్యాతుడైన ఆర్విల్ రైట్ అతని సహాధ్యాయి. 1890లో డన్‌బార్ నల్లజాతి పాఠకులకై ‘డేటన్ టాట్లర్’ అనే పత్రిక నడిపినప్పుడు దానిని అచ్చువేసినది రైట్ సోదరుల ముద్రణాలయమే. పత్రిక కొద్ది సంచికలతోనే ఆగిపోయినది. స్నేహం నిలిచినది.

1891లో చదువు ముగిసినది. కళాశాలకు పోవుటకు డబ్బు లేదు. సాహిత్యసంఘ అధ్యక్షుడు, పత్రికా సంపాదకుడు పట్టణంలోని కార్యాలయాలలో గుమాస్తా పనికై తిరిగినాడు. ఒంటిరంగు చూచి ఎవరూ ఇవ్వలేదు. చివరకు ఒక భవనంలో మనుషులను పైకి క్రిందకు చేరవేసే లిఫ్టు నడిపే పని దొరికినది. జీతం వారానికి నాలుగు డాలర్లు. లిఫ్టు ఆగిన విరామాలలో పుస్తకం చదివేవాడు, పద్యాలు వ్రాసేవాడు. 1892 చివర తన మొదటి కవితా సంపుటి ‘ఓక్ అండ్ ఐవీ’ని 125 డాలర్ల ఖర్చుతో అచ్చువేయించి, లిఫ్టులో ఎక్కినవారికే ప్రతి ఒక్కటి డాలరు చొప్పున అమ్మి ఆ అప్పు తీర్చినాడు. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనశాలలో నల్లజాతి మహానాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఈ యువకుని గుర్తించి తన వద్ద పని ఇచ్చినాడు.

1896లో కీర్తి ఒక్కసారిగా తలుపు తట్టినది. అమెరికా సాహిత్యంలో పెద్దదిక్కుగా ఉన్న విలియం డీన్ హవెల్స్ డన్‌బార్ రెండవ సంపుటిని ప్రశంసిస్తూ ఒక ప్రసిద్ధ వారపత్రికలో సమీక్ష వ్రాసినాడు. అది వెలువడిన నాటికి కవికి సరిగా ఇరువది నాలుగేండ్లు నిండినవి. అదే ఏట ‘లిరిక్స్ ఆఫ్ లోలీ లైఫ్’ అనే సంపుటి హవెల్స్ పీఠికతో వెలువడినది. తరువాత డన్‌బార్ ఇంగ్లండు వెళ్ళినాడు. కథలు, నవలలు వ్రాసినాడు. 1897లో వాషింగ్టన్ నగరానికి వచ్చి కాంగ్రెసు గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం చేసినాడు. క్షయవ్యాధి అతనిని ఎక్కువకాలం బ్రతుకనీయలేదు. 1906 ఫిబ్రవరి 9న, ముప్పదిమూడేండ్ల ప్రాయంలో, డేటన్‌లో తల్లి ఇంటిలో మరణించినాడు. కూపర్ పదవి కోల్పోయినదీ ఆ సంవత్సరమే.

మెప్పులోని చెర

హవెల్స్ మెప్పుదల డన్‌బార్‌కు వరమైనది, చెరసాల కూడ అయినది. ఇందులో భాషా సాహిత్య విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఉన్నది.

డన్‌బార్ రెండు విధాల కవిత్వం వ్రాసినాడు. మొదటిది ప్రామాణికమైన ఆంగ్లంలో, ఆంగ్ల మహాకవుల ఛందస్సులలో వ్రాసినది. రెండవది దక్షిణాది నల్లజాతివారి మాండలికంలో, తోటలలోని బ్రతుకును చిత్రిస్తూ వ్రాసినది. హవెల్స్ రెండవదానిని ఆకాశానికి ఎత్తినాడు. మొదటిదానిని సామాన్యమని తేల్చినాడు. పత్రికలు, ప్రచురణకర్తలు ఆ తీర్పునే శిరసావహించినారు. మాండలిక పద్యం పంపితే వెంటనే అచ్చు. గంభీరమైన భావం పలికితే ఆదరణ లేదు. ఆ మాండలికం ఉత్తరాదిలో పుట్టిపెరిగిన డన్‌బార్‌కు ముఖ్యంగా తల్లి నోట విన్నది. అతడు దానిని ప్రేమతోనే వ్రాసినాడు. కాని చదివే తెల్లదొరలు దానిలో వినోదాన్ని చూచినారు, మనిషిని చూడలేదు. ఆ సమీక్ష తనకు తీరని అపకారం చేసినదని డన్‌బార్ ఒక మిత్రునికి లేఖలో చెప్పుకొన్నాడు.

ఈ వేదన అతని ప్రామాణిక ఆంగ్ల కవితలలోనే బయటపడినది. నవ్వే ముఖాన్ని తొడుగుగా వేసుకొని లోపలి కన్నీటిని దాచుకొనే జాతిని గూర్చి ఒక కవిత వ్రాసినాడు. పంజరంలో చిక్కిన పక్షి ఎందుకు పాడుతుందో తనకు తెలుసునని మరొక కవితలో పలికినాడు. కాంగ్రెసు గ్రంథాలయంలో పుస్తకాల అరలకు అడ్డుగా ఉన్న ఇనుప ఊచలు, మండుటెండలో వాటి వేడిమి అతని మనసుకు పంజరాన్ని స్ఫురింపజేసినవని అతని భార్య ఆలిస్ తరువాత వ్రాసినది. వేల పుస్తకాల నడుమ ఉండి కూడ బందీనని తలచిన కవి! ఆ కవితలోని మాటలనే 1969లో రచయిత్రి మాయా ఏంజెలో తన ఆత్మకథకు శీర్షికగా గ్రహించినది.

మన నేలపై ఈ సమస్య క్రొత్తది కాదు. తెలుగునాట వాడుకభాషకు గౌరవం కొరకు గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) చేసిన పోరాటం మనకు తెలిసినదే. ఆయన సవరల భాషను నేర్చి వారి బిడ్డలకు చదువు చెప్పించుటకు పాటుపడినారు. ఇంటిలో దక్కనీ ఉర్దూ, అంగడిలో తెలుగు, పుస్తకంలో మరొక ఉర్దూ, మరొక తెలుగు – ఇన్ని భాషల నడుమ మన విద్యార్థి నోరు విప్పవలసియున్నది. ఇంటి పలుకును ఎగతాళి చేసేవారు ఒకవైపు. “మీ దక్కనీ వినసొంపుగా ఉన్నది, ఇంకొంచెం నవ్వించండి” అని మెచ్చుకొని అక్కడితో సరిపెట్టేవారు మరొకవైపు. మొదటిది అవమానం; రెండవది మర్యాద వేషం వేసుకొన్న అవమానం. డన్‌బార్ అడిగినది ఒక్కటే: తల్లి భాషలోను పాడనీయండి, లోకం భాషలోను పాడనీయండి, ఈ రెండింటిలో ఏది నాదో మీరు నిర్ణయించవద్దు.

పేరుకు, ధ్యేయానికి గల పొత్తు

ఇప్పుడు పాఠశాల ధ్యేయాన్ని, కవి జీవితాన్ని ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. బడిని గురించి అధికారులు అడిగినది – వీరికి సగం చదువు చాలదా? కవిని గురించి లోకం అన్నది – వీనికి సగం గొంతు చాలును. రెండు మాటలూ ఒకే మూలం నుండి పుట్టినవి. ఉన్నత పాఠశాల దాటి కళాశాల మెట్టు ఎక్కలేకపోయిన కవి పేరును, విద్యార్థులను కళాశాలకు పంపుటయే వ్రతంగా పెట్టుకొన్న బడి ధరించినది. మా కవికి జరిగినది మా బిడ్డలకు జరుగనీయము అన్న వాగ్దానాన్ని ఆ పేరులో నేను చదువుకొంటాను.

ఆ వాగ్దానం చాలవరకు చెల్లినది. అక్కడి ఉపాధ్యాయుల స్థాయి కళాశాలలకు కూడ అసూయ కలిగించేది. నల్లజాతి చరిత్ర అధ్యయనానికి పితామహుడని పేరొందిన కార్టర్ జి. వుడ్సన్ ఇక్కడ బోధిస్తూనే 1912లో హార్వర్డు డాక్టరేటు పొందినాడు. 1921లో అమెరికాలో డాక్టరేటు అందుకొన్న తొలి ముగ్గురు నల్లజాతి స్త్రీలకు – ఈవా డైక్స్, జార్జియానా సింప్సన్, సేడీ మోసెల్ – ముగ్గురికీ ఈ పాఠశాలతో విద్యార్థినిగానో, ఉపాధ్యాయినిగానో సంబంధం ఉన్నది.

విద్యార్థుల పట్టిక కూడ అంతే ఘనమైనది. రక్తాన్ని నిలువచేసే విధానానికి మార్గదర్శి అయిన వైద్యుడు చార్లెస్ డ్రూ, 1937లో ఫెడరల్ న్యాయమూర్తి పదవి పొందిన తొలి నల్లజాతీయుడు విలియం హేస్టీ, 1940లో అమెరికా సైన్యంలో తొలి నల్లజాతి జనరల్ అయిన బెంజమిన్ డేవిస్, 1966లో కేంద్ర మంత్రివర్గంలో చేరిన తొలి నల్లజాతీయుడు రాబర్ట్ వీవర్, అదే సంవత్సరం ప్రజల వోట్లతో సెనేటుకు ఎన్నికైన ఎడ్వర్డ్ బ్రూక్ – అందరూ ఈ ఒక్క ప్రభుత్వ పాఠశాల బిడ్డలే.

ఒక చిక్కుప్రశ్న

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే అది స్తోత్రపాఠం అవుతుంది. చరిత్ర మరొక ముఖాన్ని కూడ చూపుతున్నది.

డాక్టరేటు పొందిన విద్వాంసులు ఉన్నత పాఠశాలలో పాఠాలు ఎందుకు చెప్పినారు? వారిలో చాలమందికి విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉన్నవి కనుక. వాషింగ్టన్‌లో నల్లజాతి ఉపాధ్యాయులకు తెల్లవారితో సమానమైన జీతం లభించుట కూడ వారిని అక్కడికి చేర్చిన కారణాలలో ఒకటి. ఆ బడి ఘనతకు పునాదిరాళ్ళలో ఒకటి అన్యాయం. దీనిని మరచి ఆ కాలమే బాగున్నదనుట పొరపాటు. అంతేగాక ఆ బడి కలిగిన కుటుంబాల బిడ్డలకు, మేనిచాయ తేలికగా ఉన్నవారికి ఎక్కువ ఆదరణ చూపినదన్న విమర్శ ఆ జాతిలోనే ఉన్నది. అణచివేతకు గురియైన సమాజంలో కూడ పై మెట్టు, క్రింది మెట్టు ఏర్పడుట మనకు వింత కాదు. మనలోనూ అష్రాఫ్, అజ్లాఫ్ అన్న మాటలు ఇంకను చావలేదు.

ఎం వీధి పాఠశాలలో చదివిన చార్లెస్ హ్యూస్టన్ న్యాయవాదియై, వేర్పాటు బడుల విధానాన్ని కూల్చుటకు తన జీవితాన్ని ధారపోసినాడు. ఎందరో యువ న్యాయవాదులను అందుకై తయారుచేసినాడు. 1950లో అతడు మరణించినాడు. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు వేర్పాటు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. వాషింగ్టన్ బడుల విషయంలో అదే దినం వేరుగా మరొక తీర్పు ఇచ్చినది. తన బడి ఘనతకు ఆధారమైన ఏర్పాటునే కూల్చవలెనని ఆ బడి విద్యార్థి పోరాడినాడు! అది కృతఘ్నత కాదు. అతనికి అక్కడ అబ్బిన చదువు నిజమైనదనుటకు అదే నిదర్శనం.

తీర్పు తరువాత డన్‌బార్ రూపం మారినది. నగరమంతటి నుండి వచ్చే విద్యార్థులకు బదులు ఆ పేటలోని బిడ్డల బడి అయినది. కలిగిన కుటుంబాలు ఇతర ప్రాంతాలకు తరలిపోయినవి. విద్వాంసులకు ఇతర ద్వారాలు తెరచుకొన్నవి. మిగిలిన బిడ్డల పేదరికం, కష్టాలు ఎక్కువ; బడికి అందిన సాయం తక్కువ. పూర్వపు కీర్తి సన్నగిల్లినది. 1916 నాటి భవనాన్ని నిలుపవలెనని పూర్వవిద్యార్థులు పోరాడినను ఫలించలేదు. 1977లో దానిని పడగొట్టినారు. అప్పుడు కట్టిన కాంక్రీటు కట్టడం కూడ ఎక్కువకాలం నిలువలేదు. 2013లో మరొక నూతన భవనం వెలసినది. కట్టడాలు మారినవి, పేరు మిగిలినది.

మనకు పాఠం

భారత రాజ్యాంగం 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చినది. అమెరికాలో నల్లజాతివారికి వేరు బడి ఒక శిక్షగా వచ్చినది. మనకు మన సంస్థ ఒక హక్కుగా సంక్రమించినది. ఈ భేదం పెద్దది. కావుననే మన బాధ్యత కూడ పెద్దది. నిర్బంధంలో ఉండి వారు అంతటి బడిని నిలిపినారు. స్వేచ్ఛలో ఉండి మనం ఏమి నిలుపుతున్నామని అడుగుకొనవలసియున్నది.

పాలకవర్గ పెద్దలకు నా విన్నపం ఇది. “మన పిల్లలకు ఇంత చాలులే” అనే మాట మన నోటినుండి రాకూడదు. త్వరగా ఉపాధి చూపే శిక్షణ అవసరమే, గౌరవప్రదమే. కాని దాని పేరు చెప్పి గ్రంథాలయానికి, ప్రయోగశాలకు, సాహిత్యానికి కోత పెట్టినచో, వాషింగ్టన్‌లో అధికారులు చేయబోయిన పనిని మన బిడ్డలకు మనమే చేసినవారమవుతాము. అట్లే, కలిగిన ఇంటి బిడ్డల మార్కులు చూచి సంస్థ వర్ధిల్లుతున్నదని సంతృప్తి పడరాదు. తోపుడుబండి నడిపే తండ్రి కుమార్తె, బీడీలు చుట్టే తల్లి కుమారుడు వెనుక బెంచీ నుండి ముందు బెంచీకి వచ్చినారా అన్నదే కొలత.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది మరికొంచెం సులభం. మీకు రెండు భాషలు ఉన్నవని సిగ్గుపడకండి. ఒకటి విడిచితేనే రెండవది వచ్చునని నమ్మకండి. లిఫ్టులో నిలబడి పద్యం వ్రాసిన యువకుని తలచుకొనండి. అరువదియారేండ్ల వయస్సులో పట్టం అందుకొన్న ఉపాధ్యాయినిని తలచుకొనండి. మీ కళాశాల పేరు ఎవరిదో, ఆయన ఎందుకు పాటుపడినాడో ఈ సెలవులలో పెద్దలను అడిగి తెలుసుకొనండి.

2013లో కట్టిన డన్‌బార్ భవనంలో నేలమీద పూర్వవిద్యార్థులలో కీర్తిశేషులైనవారి, ప్రసిద్ధుల పేర్లు చెక్కిన ఫలకాలు అమర్చినారు. వాటితోపాటు ఏ పేరూ చెక్కని ఫలకాలను కూడ కొన్నిటిని ఉంచినారు. ఇకముందు రాబోయే విద్యార్థులకై వాటిని ఖాళీగా విడిచినారు. పూర్వుల పేర్లమీదుగా నడుస్తూ తరగతికి పోయే బిడ్డకు ఆ ఖాళీ ఫలకం కూడ ప్రతి ఉదయం కనిపిస్తుంది. మన కళాశాల గోడమీద కూడ అటువంటి ఖాళీ చోటు ఒకటి ఉన్నదని తలచి ప్రతి విద్యార్థి రేపటి తరగతికి రావలెనని నా ఆకాంక్ష.